రైన్ ఒడ్డు నుంచి హార్జ్ కొండల దాకా, ఆర్గాన్ల వెంట

జర్మనీ వెళ్ళొచ్చానంటే అందరూ ముందు అడుగుతున్నది బెర్లిన్ గోడ చూశావా అని. చూడలేదు. మే నెల ఎండలు తెనాలిని మాడ్చేస్తుంటే నేను అక్కడ స్వెట్టరు వేసుకుని చర్చిల చుట్టూ తిరిగాను. మొక్కుకోవడానికి కాదు, ఆర్గాన్ వినడానికి. గొట్టాల్లోకి గాలి పంపి కీబోర్డుతో మోగించే పెద్ద చర్చి వాద్యం అది.

దీనికంతటికీ కారణం ఎవా-మరియా హూబెన్ గారు. 1955లో రైన్‌బెర్గ్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. స్వరకర్త, స్వయంగా ఆర్గాన్ వాయిస్తారు, డోర్ట్‌మండ్ విశ్వవిద్యాలయంలో 1993 నుంచి ప్రొఫెసరుగా పాఠాలు చెప్పారు. 1992లో మొదలైన 'వాండెల్‌వైజర్' అనే స్వరకర్తల బృందంలో ఆవిడ ఒకరు. ఆ బృందం వాళ్ళందరికీ అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ అంటే గురి. వాళ్ళ సంగీతంలో ధ్వని తక్కువ, నిశ్శబ్దం ఎక్కువ. ఆర్గాన్ అంటే గోడలు అదిరేలా మోగేదని కదా మన లెక్క. ఈవిడ ఆర్గాన్ కోసం రాసిన ముక్కల్లో కొన్ని నిమిషాలపాటు ఒకటే స్వరం, అదీ ఉందా లేదా అన్నట్టు. తెనాలిలో మా ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విందామంటే ఫ్యాను ఆపాలి. ఏప్రిల్‌లో ఫ్యాను ఆపి వినగలిగినంత సంగీతాభిమానం నాకు లేదు. ఎసెన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా పిన్ని కొడుకు "వచ్చెయ్ అక్కా, ఇక్కడ ఫ్యాన్లే లేవు" అన్నాడు.

కొలోన్, శనివారం

ఈ ఊళ్ళో రైలు దిగి స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా పెద్ద చర్చి, దాన్ని తలెత్తి చూస్తున్న జనం. మేం ఆ జనాన్ని తప్పించుకుని ముందు తిండి సంగతి చూసుకున్నాం. రైబెకూఖెన్ అని బంగాళాదుంప తురుముతో వేసే అట్లు. నూనెలో వేయిస్తారు, పక్కన ఆపిల్ ముద్ద ఇస్తారు. మూడింటికి ఆరు యూరోలు. అంచులు కరకరలాడుతుంటే బాగానే ఉన్నాయిగానీ ఆ తీపి ముద్ద నాకు నచ్చలేదు. సంచిలో ఉన్న మాగాయ తీసి పక్కన వేసుకున్నాను. కొట్టామె వింతగా చూసి, అదేమిటని అడిగి, చిన్న ముక్క రుచి చూసింది. మర్యాదగా తలూపి వెంటనే నీళ్ళు తాగింది.

తమ్ముడికి అక్కడి కోల్ష్ బీరు మీద ధ్యాస. చిన్న గ్లాసుల్లో, 200 మిల్లీలీటర్లే పోస్తారు. గ్లాసు ఖాళీ అవగానే అడక్కుండానే ఇంకోటి తెచ్చి పెట్టి, గ్లాసు కింది అట్టముక్క మీద పెన్సిలుతో గీత గీసిపోతాడు వెయిటరు. వద్దనుకుంటే ఆ అట్టని గ్లాసు మీద మూతలా పెట్టాలి. ఇక చాలని నోటితో చెబితే వినిపించుకోడు. మన పెళ్ళిళ్ళలో విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతామే, ఆ చెయ్యి పని ఇక్కడ అట్టముక్క చేస్తుంది.

కొత్త సంగీతం ఇష్టపడేవాళ్ళు ఈ ఊళ్ళో ముందు వెళ్ళేది సాంక్ట్ పేటర్ చర్చికి. జెసూట్లది, అంటే ఒక కాథలిక్ సన్యాసుల సంఘానిది. 1987 నుంచి 'కున్‌స్ట్-స్టట్సియోన్' అనే పేరుతో ఇక్కడ సమకాలీన కళలు నడుస్తున్నాయి. లోపల తెల్లటి గోడలు, వరుస బల్లలు లేవు, పూల అలంకరణ లేదు. ఒక పక్కన పాతకాలపు చిత్రకారుడు రూబెన్స్ వేసిన చిత్రం: పేతురుని తలకిందులుగా సిలువ వేస్తున్నారు. రూబెన్స్ చిన్నతనం ఈ ఊళ్ళోనే గడిచింది, తండ్రి సమాధి ఈ చర్చిలోనే ఉంది. 1794లో ఫ్రెంచి సైన్యం ఆ బొమ్మని పారిస్ ఎత్తుకుపోయింది, 1815లో తిరిగొచ్చింది. పేతురు ముఖం కంటే నన్ను ఆపేసింది ఆయన కాళ్ళు. మేకు దిగుతున్న పాదంలో వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి.

ఇక్కడి పెద్ద ఆర్గాన్ 2004 నాటిది, కొత్త సంగీతం కోసమనే చేయించారు. మామూలు గొట్టాలతో పాటు గంటలూ డప్పుల చప్పుళ్ళూ కూడా ఉన్నాయి. ఆ మధ్యాహ్నం స్వరకర్త లిగెటి రాసిన 'వోల్యూమినా' వాయించారు. లిగెటి 1956లో హంగరీ నుంచి పారిపోయి వచ్చి ముందు పనిచేసింది ఈ ఊళ్ళోని రేడియో స్టూడియోలోనే. ఆ ముక్కలో రాగం ఉండదు. మోచేతుల దాకా కీబోర్డు మీద పరిచి, దొరికినన్ని మెట్లు ఒక్కసారే నొక్కుతారు. 1962లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో దీన్ని సాధన చేస్తుంటే ఆర్గాన్ వైరింగు అంటుకుంది. విన్నాక ఆ సంగతి నమ్మబుద్ధేసింది. నా పక్కనున్న పెద్దావిడ రెండు చెవులూ మూసుకుని, కళ్ళు మాత్రం తెరుచుకుని ఆసాంతం నవ్వుతూనే ఉంది.

నేను వినడానికొచ్చింది ఇది కాదు. కానీ దీని తర్వాత అది వినడం మంచిదయింది.

రైన్‌బెర్గ్, ఆదివారం

జర్మనీలో ఆదివారం చప్పుడు చేయకూడదు. డ్రిల్లింగు మిషను, గడ్డి కోసే మిషను బంద్. తమ్ముడు వచ్చిన కొత్తలో ఒక ఆదివారం ఇడ్లీ పిండికి మిక్సీ వేస్తే, కింది ఇంటావిడ తలుపు సందులోంచి చీటీ తోసిందట. తిట్లేం లేవు. "ఆదివారం కదా, శుభాకాంక్షలతో" అని ఉందట. ఆ తర్వాత వాడు శనివారం రాత్రి పదికి ముందే రుబ్బేసుకుంటున్నాడు.

స్నేహితుడి కారు అడిగి తీసుకుని రైన్‌బెర్గ్ వెళ్ళాం. రైన్ నది దిగువ పల్లపు ప్రాంతం, ఎటు చూసినా చదును, ఆకాశం బాగా కిందికి దిగినట్టుంటుంది. ఊళ్ళో హూబెన్ గారి పేరు చెబితే కేఫ్‌లో ఎవరూ గుర్తుపట్టలేదు. మా ఊరి గొప్ప అంటే క్లాడియా షిఫర్ అన్నారు. మోడల్, ఇక్కడే పుట్టింది. ఇంకొకాయన జేబులోంచి బ్రౌన్ కాగితం చుట్టిన బుల్లి సీసా తీసి చూపించాడు. ఉండర్‌బెర్గ్. 1846 నుంచి ఈ ఊళ్ళో తయారయ్యే చేదు మందు, భోజనం అరగడానికి. సీసాలో 20 మిల్లీలీటర్లే. వాము అరకులో సారా కలిపినట్టుంటుందని తమ్ముడి తీర్పు.

భోజనానికి అందరూ ఒకటే తింటున్నారు, తెల్ల ఆస్పరాగస్. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ 24 దాకానే దీని కాలం, ఆ తర్వాత కోయరు. మట్టి కప్పి పెంచుతారు కాబట్టి ఎండ తగలక తెల్లగా ఉంటుంది. ఉడకబెట్టిన దుంపలు, కరిగిన వెన్న, ఇదే ప్లేటు. 21 యూరోలు. రూపాయల్లోకి మారిస్తే రెండు వేలు, మార్చకపోవడమే మంచిది. ఉప్పూ కారం లేని తిండి మొదటి నాలుగు ముద్దలూ చప్పగా ఉంటుంది. ఐదో ముద్దకి నాలుక దారిలోకొచ్చి, లేత ములక్కాడ గుజ్జులో ఉండే ఆ సన్నటి తీపి తెలుస్తుంది. పక్క బల్ల మీద ఎనిమిదిమంది కుటుంబం. వాళ్ళు మాట్లాడుకుంటున్నది మాకు వినపడలేదు, అంత మెల్లగా. మేమిద్దరం మాట్లాడుకున్నది మాత్రం హోటలంతా విని ఉంటుంది.

దగ్గర్లోనే కాంప్ మఠం ఉంది. జర్మన్ మాట్లాడే ప్రాంతంలో సిస్టర్షియన్ సన్యాసుల మొదటి మఠం, 1123లో పెట్టారు. మౌనం వాళ్ళ నియమాల్లో ఒకటి. మెట్లు మెట్లుగా దిగే తోట, కత్తిరించిన చెట్లు, ఐస్‌క్రీం తింటున్న పిల్లలు. ఇలాంటి చోట పెరిగినందువల్లే హూబెన్ గారు అలాంటి సంగీతం రాశారని తేల్చేయొచ్చు. నేను తేల్చను. క్లాడియా షిఫర్ కూడా ఇక్కడే పెరిగింది మరి.

రూర్ ప్రాంతం, బుధవారం సాయంత్రం

ఒకప్పుడు బొగ్గు గనులు, ఉక్కు కొలుములు. ఇప్పుడు ఊరికీ ఊరికీ మధ్య ఖాళీ లేకుండా ఇళ్ళు. వాటిలో ఒక ఊళ్ళో, యుద్ధం తర్వాత మళ్ళీ కట్టిన చిన్న చర్చి. ఊరి పేరు రాయడం లేదు, ఎందుకంటే ఆర్గాన్ వాయించినావిడ పేరు రాయొద్దంది. ప్రవేశం ఉచితం, పోతూ పోతూ బుట్టలో తోచింది వేయాలి. వచ్చింది పట్టుమని ఇరవైమంది కూడా ఉండరు. పెద్దవాళ్ళే ఎక్కువ. పడుచువాళ్ళిద్దరు చెప్పులు విడిచి బల్ల మీద బాసిపట్టు వేసుక్కూర్చున్నారు.

మొదలవకముందు ఒకాయన లేచి పక్కగదిలోకి వెళ్ళి ఫ్రిజ్ ప్లగ్గు తీసొచ్చాడు. అప్పటిదాకా ఫ్రిజ్ ఉందనే నాకు తెలీదు. అది ఆగాక గోడ గడియారం వినపడింది. దాన్ని కూడా దింపి, తువ్వాలులో చుట్టి బయట పెట్టాడు. అప్పుడు ఆర్గాన్ మోటారు గాలి వినపడింది. దాన్ని ఆపడం కుదరదు కదా.

హూబెన్ గారి ముక్క ఎప్పుడు మొదలైందో నేను చెప్పలేను. గాలి చప్పుడులో ఎక్కడో ఒక గొట్టం పలికింది. పలికిందంటే పూర్తిగా పలకలేదు, ఊదబోయి ఆగినట్టుంది. చాలాసేపటికి దానికి దిగువన ఇంకోటి చేరింది. అది చెవికంటే బల్ల మీద ఆనించిన మోచేతికి ముందు తెలిసింది. ఆగింది. బయట ట్రాము పోయింది. మళ్ళీ మొదటి స్వరం.

మాకు శ్రుతి కొత్త కాదు. మా పెదనాన్న పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు, ఇంట్లో శ్రుతిపెట్టె రోజూ మోగేది. కానీ శ్రుతి మోగుతుంటే మనం వినేది శ్రుతిని కాదు, దాని మీద పాడేవాళ్ళని. ఇక్కడ పాడేవాళ్ళు రారు. మొదట పది నిమిషాలు నా బుర్ర వాళ్ళ కోసం ఎదురుచూసింది. షడ్జం అనుకుని దాని మీద మోహన వేసుకుంది, కుదరక వదిలేసింది. విసుగొచ్చింది, ఆకలేసింది, ఇంటికి ఫోన్ చేయలేదని గుర్తొచ్చింది. ఆ తర్వాత ఎదురుచూడ్డం ఆగిపోయింది. గొట్టం పలకడానికి ముందు గాలి పెదవిని తాకే చిన్న ఉమ్మి చప్పుడు లాంటిది ఒకటుంది, దాని కోసమే కూర్చున్నాను. పియానో తీగని కొడితే ఆ ధ్వని చావడం మొదలవుతుంది. ఆర్గాన్‌ది అలా చావదు, వేలు తీస్తేనే పోతుంది. ఆ వేలు ఎప్పుడు తీస్తారా అన్నది ఇంత టెన్షన్ పెడుతుందని నేననుకోలేదు.

అయిపోయాక చప్పట్లు కొట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి ఫ్రిజ్ ఆపినాయనే మొదలుపెట్టాడు, ఆ తర్వాత వెళ్ళి మళ్ళీ ప్లగ్గు పెట్టాడు.

టీ, బిస్కట్లు ఇచ్చారు. ఆర్గాన్ ఆవిడ నన్ను మెట్లెక్కించి పైకి తీసుకెళ్ళింది. కీబోర్డుకి రెండు వైపులా స్టాపులు, అంటే ఏ గొట్టాల వరుస పలకాలో ఎంచుకునే చెక్క పిడులు. పూర్తిగా లాగితే ఆ వరుసకి గాలి పూర్తిగా వెళుతుంది. ఆవిడ వాటిని పూర్తిగా లాగలేదు. పిడి కాడల మీద పెన్సిలుతో సన్నటి గీతలు పెట్టుకుంది, ఒకదాని మీద వేలి మందాన, ఇంకోదాని మీద అంతకంటే తక్కువలో. అక్కడిదాకా లాగితే గాలి చాలీచాలక గొట్టం సగం పలుకుతుంది, స్వరం కాస్త కిందికి జారుతుంది. నన్నొకటి లాగి చూడమంది. నేను లాగింది బియ్యపుగింజంత ఎక్కువైంది కాబోలు, గొట్టం మామూలుగా మోగేసింది. ఆవిడ నవ్వి, పిడి మీద నా వేలిని తన వేలితో వెనక్కి తోసింది. ధ్వని పల్చబడి, రెండు ముక్కలై, పైన ఈల ఒకటి, కింద గాలి ఒకటి మిగిలాయి. కొత్త ఆర్గాన్లలో స్టాపులు కరెంటుతో పనిచేస్తాయి, అయితే పూర్తిగా తెరుచుకుంటాయి, లేకపోతే పూర్తిగా మూసుకుంటాయి, వాటి మీద ఈ పని కుదరదంది. అందుకని కచేరీ కుదిరిన చోటల్లా ముందొకసారి వెళ్ళి పిడులు లాగి చూసుకుని వస్తుందట.

బుట్టలో పది యూరోలు వేశాను. తమ్ముడు రెండు వేశాడు. ఎందుకో తర్వాత తెలిసింది.

హాల్బర్‌స్టాట్, శుక్రవారం

ఎసెన్ నుంచి తూర్పుకి, హార్జ్ కొండల దగ్గరికి. ఒకప్పటి తూర్పు జర్మనీ. స్టేషన్ బయట ఒకాయన్ని ఆర్గాన్ ఎక్కడని అడిగితే ఏమాత్రం ఆలోచించకుండా పెద్ద చర్చికి దారి చెప్పాడు. తప్పు ఆయనది కాదు, అక్కడా ఆర్గాన్ ఉంది. 1945 ఏప్రిల్ 8న బాంబులు పడి ఈ ఊరి నడిబొడ్డు దాదాపు నేలమట్టమైంది. అందుకే మధ్యయుగపు చర్చి పక్కన మొన్న కట్టినట్టున్న అపార్టుమెంట్లు, మళ్ళీ రెండు వంకర చెక్క ఇళ్ళు.

అనుకోకుండా ఆ పెద్ద చర్చికి పోవడం మంచిదే అయింది, అసలు కథ అక్కడే మొదలు. 1361లో నికోలౌస్ ఫాబర్ అనే ఆయన అక్కడ పెద్ద ఆర్గాన్ కట్టాడు. ఇవాళ్టి పియానో మీద కనిపించే 12 స్వరాల మెట్ల వరుస మొదట దాని మీదే వచ్చిందని చెబుతారు. దానికి 20 తిత్తులట, వాటిని తొక్కడానికి పదిమంది మనుషులట. 2000 నుంచి 1361 తీసేస్తే 639. జాన్ కేజ్ రాసిన ఒక ఆర్గాన్ ముక్కని ఆ 639 ఏళ్ళు సాగదీసి వాయిస్తున్నారు, ఊరి ఉత్తరాన బుర్ఖార్డి చర్చిలో. వీలైనంత నెమ్మదిగా, వీలైనంత మృదువుగా వాయించాలన్నదే ఆ ముక్క పేరు. 1987లో ఇదే ముక్కని మొదటిసారి ఫ్రాన్స్‌లోని మెట్స్‌లో వాయించిన గెర్డ్ సాఖర్‌కి 29 నిమిషాలు సరిపోయాయి. ఆయన పాఠాలు చెప్పింది ఎసెన్‌లో, మా తమ్ముడుండే ఊళ్ళో.

బుర్ఖార్డి దాదాపు వెయ్యేళ్ళ నాటి చర్చి. తర్వాత సిస్టర్షియన్ సన్యాసినుల మఠమైంది. 1810లో మఠం మూసేశాక కొట్టంగా, సారాబట్టీగా, పందుల దొడ్డిగా వాడారు. లోపల గిలాబా లేని రాతి గోడలు. ఒక రెక్కలో తిత్తులు, ఎదుటి రెక్కలో చెక్క చట్రం మీద గుప్పెడు గొట్టాలు. వాయించేవాళ్ళెవరూ లేరు. మెట్లకి ఇసుక మూటలు వేలాడదీశారు, ఆ బరువుకి మెట్లు కిందికి దిగి అలాగే ఉండిపోతాయి. 2001 సెప్టెంబర్ 5న, కేజ్ పుట్టినరోజున, మొదలైంది. ముక్క విరామంతో మొదలవుతుంది కాబట్టి మొదటి 17 నెలలు తిత్తుల గాలి తప్ప ఏమీ లేదు. మొదటి స్వరాలు 2003 ఫిబ్రవరి 5న. 2013 అక్టోబర్ నుంచి 2020 సెప్టెంబర్ దాకా ఒకటే స్వరగుచ్ఛం. 2024 ఫిబ్రవరి 5న ఒక మార్పు అయింది, దాని తర్వాతది 2026 ఆగస్టు 5న. ముగిసేది 2640లో.

నిలబడి వింటే ముందు ఇది యంత్రం చప్పుడే. నాలుగడుగులు పక్కకి వేస్తే ఒక స్వరం పైకి లేస్తుంది, ఇంకోటి మునుగుతుంది. తమ్ముడు ఈ మూల నుంచి ఆ మూలకి తిరుగుతూ, తలొంచి, తలెత్తి, చెవి ఒకటి మూసి, ఆనందపడిపోయాడు. గోడ చుట్టూ లోహపు పలకలు, ఒక్కో ఏడాదికి ఒకటి. వెయ్యి యూరోలో అంతకు పైనో ఇస్తే ఆ ఏడాది మీ పేరు మీద. 639 ఏళ్ళ ఖర్చు అలా పోగు చేస్తున్నారు.

నాకు నచ్చలేదని అనను. ఊరు ఊరంతా కాలిపోయిన చోట, పందులు తిరిగిన గదిలో, తాము చూడబోని సంవత్సరానికి డబ్బు కట్టే మనుషులంటే గౌరవమే. కానీ కేజ్ రెండు అడిగాడు, నెమ్మది, మృదువు. వీళ్ళు మొదటిదానికి 639 ఏళ్ళిచ్చారు. రెండోదానికి వచ్చేసరికి, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకి నిద్ర చెడుతోందని ఆర్గాన్ చుట్టూ ఆక్రిలిక్ పెట్టె కట్టారు. ఇక్కడ ఏ తేదీన ఏ స్వరమో ముందే తెలుసు, మూట వేలాడదీశాక మనిషికి పని లేదు. బుధవారం నాటి ఆవిడ వేలు బియ్యపుగింజంత జరిగితే మొత్తం మారిపోయేది.

ఊళ్ళో సాసేజ్ డబ్బాలు ప్రసిద్ధి. సాసేజ్‌ని డబ్బాలో పెట్టి అమ్మడం 1896లో ప్రపంచంలో మొదట ఇక్కడే మొదలుపెట్టారు. తమ్ముడు ఒక డబ్బా కొని స్టేషన్ బల్ల మీదే విప్పాడు. నేను నా మాగాయ సీసాలో మిగిలిన ఊట బ్రెడ్డుకి రాసుకున్నాను. హాల్బర్‌స్టాట్‌దే గొప్ప అని వాడు, కాదు మొన్నటి చర్చిదే అని నేను. రైలొచ్చేదాకా తెగలేదు.

"నీకు మొన్నటిది ఎందుకు నచ్చలేదో చెప్పు ముందు" అన్నాను.

"నచ్చకపోవడమేంటక్కా, మొదటి స్వరం దాకా గుర్తుంది. తర్వాత నిద్రపోయాను. పక్కాయన మోచేత్తో పొడిస్తే లేచేసరికి నువ్వు పైన పిడులు లాగుతున్నావు."